ఒక పక్కకు అరిగిన నిబ్బు

బ్యాంకులో పింఛను తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా కౌంటరులోని అమ్మాయి నా సంతకం చూసి నవ్వుతుంది. "తాతా, మీ సంతకం పడిపోతా ఉండాది, పట్టుకోండి" అంటుంది. నిజమే. నా అక్షరాలన్నీ ఎడమవైపుకు వాలి ఉంటాయి, గాలికి వొరిగిన వరి మాదిరి. ఆ వాలు నాకు బళ్ళో రాలేదు. మా పాండూరు బళ్ళో అయ్యవారు నిటారుగా రాయకపోతే వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. ఇరవై ఆరేళ్ళ వయసులో, ఒక పెద్దమనిషికి పెన్ను కొనిద్దామని బయలుదేరి నేను చేసిన ఘనకార్యానికి పడిన శిక్ష అది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి సార్" అని అడిగితే ఇన్‌స్పెక్షన్ల గురించో బదిలీల గురించో చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇవాళ తప్పించుకోను.

డెబ్బైల చివరి మాట. నేను తిరుత్తణి అవతల ఒక చిన్న రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తాను. ఊరు పేరు చెబితే మనుషులు తెలిసిపోతారు కాబట్టి చెప్పను. కాపురం తిరువళ్ళూరులో. పొద్దున పాసింజరు బండెక్కి తిరుత్తణిలో దిగి, అక్కడినుంచి బస్సులో ఆఫీసుకు. ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో జనం తెచ్చిన పత్రాన్ని మాటకు మాట, అక్షరానికి అక్షరం, లావుపాటి పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాళ్ళం. అసలు పోయినా, కాలినా, చెదలు తిన్నా, ఆ పుస్తకంలో ఉన్న నకలే వాళ్ళకు దిక్కు. అందులో ఒక్క కొట్టివేత పడినా పేజీ చివర దాని గురించి రాసి సంతకం పెట్టాలి. కాబట్టి మా ఆఫీసులో మనిషి విలువ అతని చేతిరాతలో ఉండేది.

ఆ లెక్కన మా హెడ్ క్లార్కు గారు మా అందరికీ పెద్దదిక్కు. నేతగాళ్ళ కుటుంబం. చిన్నప్పుడు మగ్గం దగ్గర కుడిచేతి చూపుడు వేలు నలిగి వంకరపోయిందట. అందువల్ల ఆయన పెన్నును అందరిలా పట్టుకోలేరు. చూపుడు వేలికీ నడిమి వేలికీ సందులో దూర్చి, పుస్తకాన్ని దాదాపు అడ్డంగా తిప్పుకొని, ఒక పక్కకు ఒరిగి రాసేవారు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. పేజీ చూశాక నవ్వు పోయేది. అక్షరాలన్నీ ఒకే వాలు, ఒకే ఎత్తు. ఆ తాలూకా ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది గనుక పాత పుస్తకాలన్నీ తెలుగులో ఉండేవి, తర్వాతవి తమిళంలో. రెండు భాషల్లోనూ ఆయన వాలు ఒకటే.

ఆయనకు రెండు పెన్నులు. ఒకటి సంతకాలకు వచ్చే జనానికిచ్చేది. దాని మూత మాత్రం ఆయన చేతిలోనే ఉండేది, లేకుంటే పెన్ను తిరిగి రాదు. రెండోది ముదురెరుపు రంగుది, పుస్తకంలో రాయడానికి మాత్రమే. దాన్ని ఇంటికి కూడా తీసుకుపోరు. "పత్రం రాసే పెన్నుతో కూరగాయల జాబితా రాయగూడదబ్బా" అనేవారు. సాయంత్రం గుడ్డతో తుడిచి, సొరుగులో పెట్టి వెళ్ళిపోయేవారు. సొరుగుకు తాళం లేదు. ఆ పెన్నును ఇంకొకరు ముట్టుకుంటారన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నాకు వచ్చింది.

ఆయన ఆడి నెలలో, జూలై ఆఖరున, రిటైరవుతారని తెలుసు. మాసి నెలలోనే, అంటే ఫిబ్రవరిలోనే, బహుమతి మాట మొదలైంది. మా రెండో గుమాస్తా, నాకంటే పదేళ్ళు పెద్ద, తమాషా మనిషి, గోడ గడియారం ఇద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రిటైరైన మనిషికి టైము చూపించి ఏం చేస్తాం? ఆయన జీవితమంతా పెన్ను, పెన్నే ఇద్దాం, మంచిది, బంగారు నిబ్బుది అన్నాను. రెండో గుమాస్తా నవ్వాడు. "ఆయన ఆ ఎర్ర పెన్ను తప్ప ఇంకోటి పట్టితే గీతలే వస్తాయి. నువ్వు ఏది తెచ్చినా పెట్టెలోనే ఉంటాది" అన్నాడు.

అక్కడ నా బుర్ర పనిచేసింది. ఆ ఎర్ర పెన్నునే తీసుకుపోయి అంగడిలో చూపిస్తే, అచ్చం అలాంటిది ఎంచి ఇస్తారు కదా! శనివారం మధ్యాహ్నం ఆయన వెళ్ళిపోయాక సొరుగు తీశాను. పెన్నును చొక్కా జేబులో కాదు, లోపల బనియనుకు గుచ్చుకున్నాను. సోమవారం పొద్దున ఆయన రాకముందే తిరిగి పెట్టేయాలన్నది నా పథకం. నన్ను నేనే మెచ్చుకుంటూ రైలెక్కాను.

తిరువళ్ళూరులో గుడి వీధిలో ఒక పెన్నుల అంగడి ఉండేది. అమ్మడం, బాగుచేయడం రెండూ అక్కడే. అంగడాయన ఎర్ర పెన్ను మూత తీసి, నిబ్బును అద్దం కింద పెట్టి చూసి, "ఎన్న సార్, ఒరు పక్కం తేంజు పోచ్చే!" అన్నాడు. ఒక పక్క అరిగిపోయిందట. "అట్లాంటిదే కావాలయ్యా" అంటే ఆయన నన్ను జాలిగా చూసి, అరిగిన పెన్ను మాదిరి కొత్త పెన్ను ఎవడైనా చేస్తాడా అన్నట్టు తల ఊపి, నా ముందు నాలుగు ట్రేలు పెట్టాడు.

పెన్ను ఎంచడమంటే ఎంత సరదానో! ఒక్కొక్కటీ ఇంకులో ముంచి, కాగితం మీద నా పేరు రాశాను, మా నాయన పేరు రాశాను, అప్పుడే నాకు చూసిన సంబంధం అమ్మాయి పేరు కూడా రాశాను. ఆ పేరు రాసినప్పుడు ముదురు పచ్చ రంగు పెన్ను ఒకటి కాగితం మీద నెయ్యిలా జారింది. అదే తీసుకున్నాను. ఇక్కడే నా మొదటి తప్పు. ఆ పెన్నును ఎంచింది నా చేయి, నా పట్టు. ఆయన వంకర వేలు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎదుటివాళ్ళకు బహుమతి కొనేటప్పుడు మనం సాధారణంగా మనకే కొనుక్కుంటాం, ఇది నాకు తర్వాత తెలిసింది.

రెండో తప్పు నేను చేసింది కాదు, కానీ నాదే. నేను ట్రేల మీద పడి ఉన్నంతసేపూ అంగడాయన ఊరకే కూర్చోలేదు. ఎర్ర పెన్ను నిబ్బును సన్నటి రాయి మీద రుద్ది, రెండు చీలికలూ సమం చేసి, కడిగి, తుడిచి నా చేతికిచ్చాడు. "ఇప్పొ పారుంగో" అన్నాడు, ఇప్పుడు చూడండని గర్వంగా. రాసి చూశాను. వెన్నలా రాసింది. పైగా దీనికేమీ వద్దన్నాడు. ఆ మంచితనానికి నేను ఉబ్బిపోయాను. పాత పెన్నును కూడా బాగుచేయించాననుకుంటూ ఇంటికి వెళ్ళాను.

సోమవారం ఆయన వచ్చారు. బల్ల తుడుచుకున్నారు, పుస్తకం అడ్డంగా తిప్పుకున్నారు, పెన్ను తీశారు. మొదటి గీతకే కర్రుమని శబ్దం వచ్చింది. రెండో మాటలో ఒక అక్షరం సగం పడి సగం పడలేదు. మూడో వరుసలో ఇంకు చిమ్మింది. ఆయన ఆగారు. నిబ్బును గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే. పెన్ను కడిగారు, ఇంకు మార్చారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నిబ్బును దగ్గరగా పెట్టుకొని చూశారు. పొర కమ్ముతున్న కళ్ళకు అంత చిన్న కొన ఏం కనిపిస్తుంది?

ఆయన పెన్నును రెండో గుమాస్తాకిచ్చారు. ఎవరికీ ఇవ్వని పెన్ను. "రాయబ్బా ఒకసారి."

అతను రాశాడు. "ఏముంది సార్, నల్లా దానే ఉంది. మునుపటికంటే బాగుంది" అన్నాడు.

ఆయన పెన్నును నా వైపు చాపారు. "నువ్వు రాయి."

నేను రాశాను. అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ నిబ్బు ఆయన పట్టుకు తగ్గట్టు ఒక పక్కకు అరిగింది. దాన్ని మనలాంటి వాళ్ళందరి కోసం చదును చేసి పెట్టాను నేను. అది ఇప్పుడు లోకంలో అందరి చేతికీ బాగా రాస్తుంది, ఒక్క ఆయన చేతికి తప్ప. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.

"బాగానే ఉంది సార్" అన్నాను.

ఆయన పెన్నును తీసుకొని మూత పెట్టారు. దాన్ని చూడలేదు. తన కుడిచేతిని చూసుకున్నారు, తిప్పి వెనక్కూ ముందుకూ. "అయితే పెన్ను కాదు" అన్నారు మెల్లగా.

అందుకు కారణం ఉంది. వాళ్ళన్నకు అరవై దాటకముందే చేయి వణుకు వచ్చి మగ్గం దిగాడు. తనకూ వస్తుందని ఆయన చాన్నాళ్ళుగా లోలోపల భయపడుతున్నారని రెండో గుమాస్తా నాకు రైల్లో చెప్పాడు. ఆ భయానికి మేమిద్దరం సాక్ష్యం చెప్పి ముద్ర వేసినట్టయింది.

ఆ సాయంత్రమే చెప్పేసి ఉండాల్సింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపటికి కారణాలు పుట్టాయి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆఫీసు సొరుగులోంచి వస్తువు తీయడమంటే ఏ పేరు పెడతారో? పైగా బహుమతి రహస్యం బయటపడుతుంది. పిరికివాడికి కారణాలకు కొరత ఉండదు. రోజుకొకటి దొరికేది, రోజూ రైల్లో దాన్ని నమిలేవాణ్ణి.

ఆయన మాత్రం రాయడం మానేశారు. తన వంతు పత్రాలు నాకు తోసి, తను చదవడానికి కూర్చున్నారు. నేను రాసింది అసలుతో సరిచూడాలి కదా, ఒకరు చదివితే ఒకరు చూడాలి. ఆయన చదివేవారు, గొంతులో జీవం లేకుండా. మూడోరోజునుంచి ఆఫీసంతా తైలం వాసన. ఎవరో సిద్ధ వైద్యుడు ఇచ్చాడట, పొద్దునా సాయంత్రమూ చేతికి మర్దన. అన్నం కారియరు మూత ఎడమచేత్తో తీసేవారు. కుడిచేతిని బల్ల కింద దాచుకునేవారు. ఒకరోజు ఒక రైతు అమ్మకం పత్రానికి వేలిముద్ర వేస్తుంటే ఆయన వేలు పట్టుకొని ముద్ర వేయించి, అందరూ వింటుండగా అన్నారు: "ఇన్నేళ్ళు ఊరందరి వేలిముద్రా తీసినాను. ఇంక నాదీ తీసేయండబ్బా, సంతకం అయిపోయినాది."

రెండో గుమాస్తా నవ్వించబోయి నవ్వించలేకపోయాడు. నేను ఇంకు సీసా కోసమన్నట్టు లేచి బయటికి వెళ్ళి నిలబడ్డాను. లోపలికి వచ్చి చెప్పెయ్యడానికి పది అడుగులు. వేయలేదు. సిగ్గు వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

మరుసటి వారం గురువారం. ఆయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు.

"ఒక అర్జీ రాయాలబ్బా. రిటైరయ్యేదాకా సెలవు. నేను చెబుతా, నువ్వు రాయి. కింద ఎట్లనో సంతకం పెడతా."

"ఎందుకు సార్ సెలవు?"

"వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉండాది గదా. జిల్లా రిజిస్ట్రారు నన్ను కూర్చోబెట్టి రాయమంటే? అందరి ముందర ఈ చేత్తో గీకి చూపించేదా? వొద్దబ్బా. పరువుగా పోతా. రాయి."

రాశాను. పంపువారు, అందుకొనువారు, అంతా రాశాను. ఆయన ఒక్కొక్క మాటే చెబుతున్నారు. 'నా కుడిచేయి నా స్వాధీనంలో లేనందున' అన్నారు. 'నా కుడిచేయి' దాకా రాసి నా పెన్ను ఆగిపోయింది. ఎన్నో అబద్ధపు పత్రాలు నకలు తీసి ఉంటాను, అవి ఇంకొకరి అబద్ధాలు. ఇది నాది.

"సార్, మీ చేయి బాగుంది" అన్నాను.

"ఊరుకో, రాయి."

"కాదు సార్. నిబ్బు. నేనే..." ఆ తర్వాత ఆగకుండా అంతా చెప్పాను. సొరుగు, బనియను, తిరువళ్ళూరు, రాయి మీద రుద్దడం, అన్నీ. పచ్చ పెన్ను సంగతి కూడా చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను.

ఆయన ఎర్ర పెన్ను తీసి, నిబ్బును చూపుడు వేలి కణుపు మీద మెల్లగా రుద్దుకున్నారు, అటూ ఇటూ. ఏ పక్క తగలాలో అది తగల్లేదు కాబోలు. చేయి బయటికి చాపి గాలిలో నిలబెట్టారు. అది నిలకడగా నిలబడింది. అటువైపు చూస్తుంటే ఆయన కళ్ళు తడి అయ్యాయి. సంతోషించారనుకొని నేను ఊపిరి పీల్చుకున్నాను. పొరపాటు.

"ఎన్ని దినాలాయె?" అన్నారు.

"పదకొండు సార్."

"పెన్ను చెడగొట్టినావు. పోతే పోనీ, అది ఇనుము. నేను నిన్ను రాయమంటే రాసి, బాగుందని నా మొహం మింద చెప్పినావు చూడు... పదకొండు దినాలు నన్ను ముసలోణ్ణి చేసి కూర్చోబెట్టినావు గదరా! ఇంట్లో ఆమె నాకు అన్నం కలిపి పెట్టిందిరా, తెలుసునా నీకు?"

అప్పటిదాకా ఆయన నన్ను 'రా' అనలేదు. నేను ఏడ్చాను. దాచుకోవడమెందుకు, ఇరవై ఆరేళ్ళ మగవాణ్ణి, పుస్తకాల అలమర వెనక నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఆయన అర్జీని మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పైకి రిపోర్టు చేస్తారేమో అన్న భయం కాదు. ఆమె అన్నం కలిపి పెట్టిందన్న మాట చెవుల్లోంచి పోలేదు.

మరుసటి రోజు ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. తైలం వాసన లేదు. "ఆ పచ్చ పెన్ను యాడ?" అన్నారు. ఇచ్చాను. రెండు గీతలు గీశారు, కర్రుమంది. "మంచి పెన్నే. నాకు పనికిరాదు" అన్నారు. పెన్నును మళ్ళీ నా చేతిలో పెట్టి, నా చూపుడు వేలినీ నడిమి వేలినీ విడదీసి, ఆ సందులో దాన్ని దూర్చారు. నా చేతిని పక్కకు వొంచారు. పుస్తకాన్ని అడ్డంగా తిప్పారు.

"నా ఎర్ర పెన్నును నేను అరగదీసుకుంటా. ఇది మీరు నాకిచ్చే పెన్ను గదా. ఆడి దాకా నువ్వు దీంతోనే రాయి, ఇట్లనే పట్టుకొని రాయి. నా పక్కకు అరిగిందాకా రాయి. అరగకుంటే నేను తీసుకోను."

అదే నా శిక్ష. మొదటి వారం వేళ్ళు బొబ్బలెక్కాయి. మణికట్టు నొప్పితో రైల్లో కిటికీ ఎత్తలేకపోయేవాణ్ణి. నా పట్టు జారి మామూలుగా అయిపోతే, తల ఎత్తకుండానే ఆయనకు తెలిసిపోయేది. "నీ చెయ్యి నీ ఇంటికి పోతా ఉండాది, పిలుచుకో" అనేవారు. పక్కపక్కనే ఇద్దరం, ఒకే పక్కకు ఒరిగి, కర్రుకర్రుమంటూ రాసేవాళ్ళం. "ఒకే ఆఫీసులో రెండు కోణంగి చేతులు" అని రెండో గుమాస్తా దినమూ ఎగతాళి చేసేవాడు. ఆయన ఏ రోజూ నన్ను క్షమించానని చెప్పలేదు. కానీ రెండో వారం నుంచి ఆయన కారియరులోని ఊరగాయ నా కంచంలో పడేది. మళ్ళీ 'అబ్బా' అని పిలవడం మొదలుపెట్టారు.

ఇన్‌స్పెక్షన్ వచ్చింది. జిల్లా రిజిస్ట్రారు పుస్తకం తిప్పుతూ, "మీ రాత ఇట్లా గీరుకుపోయిందేమిటి?" అని ఆయన్ని అడిగారు. నేను లేచి నిలబడ్డాను. నా వైపు చూడకుండానే ఆయన నన్ను చేత్తో కూర్చోమన్నారు. "నిబ్బు మారింది సార్. ఆడి నాటికి దారికొస్తుంది" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు ఎంత రుణపడ్డానో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆడి మొదటి వారంలో ఆయన ఒక పత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఉన్న చిన్న ఇంటిని భార్య పేరుకు రాసిచ్చిన పత్రం. రిజిస్టరు అయిపోయింది, పుస్తకంలోకి ఎక్కించాలి.

"నా పత్రం నేనే ఎక్కించగూడదు. నువ్వు రాయి" అన్నారు.

పచ్చ పెన్నుతో రాశాను. అన్ని రోజుల్లో మొదటిసారి నిబ్బు చప్పుడు చేయలేదు. ఆ పట్టులోనే, ఆ వాలులోనే, కాగితం మీద జారిపోయింది. ఆయన తమ బల్ల దగ్గర చెవి ఒగ్గి విన్నారు కాబోలు, పత్రం ముగిసేదాకా ఒక పేజీ కూడా తిప్పలేదు.

ఆయన రిటైరైన రోజు నాకు బాగా గుర్తు. ఆడి కృత్తిక పండగ ముందురోజులు, తిరుత్తణి బండి నిండా కొండ గుడికి పోయేవాళ్ళ కావళ్ళు, పసుపు గుడ్డలు. నేను పచ్చ పెన్నును విరగకుండా గుప్పిట్లో పట్టుకొని వేలాడుతూ వెళ్ళాను. దండ వేశారు, మాటలు మాట్లాడారు, కారాబూందీ పంచారు. పెన్ను ఆయన చేతికిచ్చాం. ఆయన అక్కడికక్కడే మూత తీసి, చార్జి అప్పగించే కాగితం మీద ఆ పెన్నుతోనే సంతకం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినపడేలా, "బాగా అరిగినాదబ్బా" అన్నారు. నా సర్వీసులో తర్వాత ప్రశంసాపత్రాలు కూడా వచ్చాయి. అవి ఎక్కడున్నాయో నాకు తెలియదు.

ఆయన పోయి కొన్నాళ్ళకు, ఎనభైల మధ్యలో, బదిలీల మీద తిరిగి తిరిగి మళ్ళీ అదే ఆఫీసుకు వచ్చాను, ఆయన కుర్చీకే. ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. ఎప్పుడో సార్ రిటైర్‌మెంటు రోజున ఆయన పక్కన చూసిన ముఖం. వెంటనే గుర్తుపట్టి లేచి కుర్చీ వేశాను. ఇంటి పత్రం చెదలు తినేసిందట, నకలు కావాలట.

పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పి ఆమె ముందు పెట్టాను. ఆమె తెలుగు చదువుకుంది, తమిళం చదవడం రాదు. అయినా పేజీ చూసిందో లేదో ముందుకు వంగింది.

"ఇది ఆయన రాతే గదా నాయనా?"

నేను నోరు తెరిచాను. పేజీ అడుగున, నకలు రాసినవారు అన్న చోట, తమిళంలో నా పేరే ఉంది. ఆమె నా జవాబు కోసం ఆగలేదు.

"కడాకు గ్లాసు గూడా పట్టుకోలేకపోయినాడు నాయనా. వాళ్ళన్నకు వచ్చినట్లే వచ్చినాది. నేనే తాగిపించినాను. ఇంత మంచి చెయ్యి ఏమైపోయెనో అని ఏడ్చుకొనేవాడు. చూడు, ఎంత నిలకడగా రాసినాడో." పేజీ మీదికి ఇంకా వంగి అడిగింది, "నా పేరు యాడుండాది ఇందులో?"

చూపించాను. ఆమె ఆ మాట మీద వేలు పెట్టింది.

"నలభై ఏండ్ల కాపురం. ఒక్కనాడూ నోటితో నా పేరు పిలిచింది లేదు. ఏమే అనేవాడు, లేకుంటే పెద్దకూతురి పేరు పెట్టి పిలిచేవాడు. ఈడ రాసినాడు చూడు."

మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు. ఒకసారి నిజం చెప్పకపోవడం వల్ల ఒక మనిషి పదకొండు రోజులు ఏమైపోయాడో చూసినవాణ్ణి నేను. ఇంకెప్పుడూ అలా చేయనని నాకు నేనే మాట ఇచ్చుకున్నవాణ్ణి.

"అవునమ్మా" అన్నాను. "సార్ రాతే."

ఆమె వేలు అక్కడినుంచి తీయలేదు. నేను తెల్లకాగితం తీసుకున్నాను. పెన్నును చూపుడు వేలికీ నడిమి వేలికీ సందులో పెట్టుకొని, కాగితాన్ని అడ్డంగా తిప్పుకొని, నకలు రాయడం మొదలుపెట్టాను. ఆమె పేరు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కొంచెం నెమ్మదిగా రాశాను.